పగడాల మధ్య అంగారా

దారాన్ని చూపుడువేలికి చుట్టుకుని కదలకుండా కూర్చోవాలి, ఊపిరి కూడా మెల్లగా తీయాలి, అద్దానికి ఇవతల మనిషి భుజం కదిలినా ఆ చేపకు తెలిసిపోతుంది. పొద్దున బోను అంచు దాకా వచ్చి మూతి లోపలికి పెట్టిందో లేదో, వీధిలో గ్యాసు బండి అతను ఖాళీ సిలిండర్లు దబదబ కింద పడేశాడు, రుఖయ్యా ఉలిక్కిపడింది, దారం కదిలింది, చేప రాళ్ళ సందుల్లోకి మాయమైపోయింది. ఇప్పుడు మధ్యాహ్నం నమాజు చేసుకుని మళ్ళీ వచ్చి కూర్చుంది. బోనంటే పెద్దదేమీ కాదు, టిఫిన్ డబ్బా అంత ప్లాస్టిక్ పెట్టె, ఒకవైపు తలుపు, ఆ తలుపును పైకెత్తి పట్టిన దారం ట్యాంకు అంచు మీదుగా వచ్చి ఆమె వేలి దగ్గర ఆగుతుంది. వేలు వదిలితే తలుపు పడుతుంది, అంతే. లోపల ఎండబెట్టిన సముద్రపు నాచు ముక్క ఒకటి కట్టి ఉంది, తడిసి ముదురాకుపచ్చగా ఊగుతోంది. అనిత ఇందాకే ఫోన్ చేసింది, రైలు కాజీపేట దాటిందట. మానుకోట నుంచి ఈ చేప కోసమే వస్తోంది ఆ పిల్ల, థర్మాకోల్ పెట్టె, బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు అన్నీ సర్దుకుని మరీ వస్తోంది. ఆమె జనగామ స్టేషన్లో దిగి ఆటో ఎక్కి ఇల్లు చేరేలోగా అంగారా ఈ పెట్టెలో ఉండాలి.

అంగారా, అంటే నిప్పుకణిక, అని పేరు పెట్టింది రుఖయ్యా భర్త అఫ్జల్. వేలెడంత చేప, ఒళ్ళంతా మండే బొగ్గు రంగు, పక్కల మీద నల్లటి నిలువు చారలు, వెనక రెక్కల చివర నీలపు మెరుపు. ఫ్లేమ్ ఏంజెల్ అంటారు, ఏంజెల్ చేపల్లో ఇది పొట్టి జాతి. భూపాలపల్లి బొగ్గుబాయిలో జీవితమంతా పనిచేసిన మనిషికి నిప్పు మాట ఎత్తితేనే గిట్టదు, భూమి లోపల నిప్పు రాజుకుంటే ఏమవుతుందో తెలిసినవాడు, అగ్గిపెట్టె కూడా ఇంట్లో ఎత్తైన అరలో పెట్టేవాడు, అలాంటివాడు ముచ్చటపడి ఈ పేరే పెట్టాడు. "గీ ఒక్క నిప్పును చూస్తె నాకు భయం కాదు రుక్కూ" అనేవాడు. ఆ గొంతు ఇప్పుడు ఈ గదిలో లేదు, ఏడాది దాటింది, కుర్చీ ఉంది, ఆయన కూర్చుని కూర్చుని నవారు కుంగిపోయిన కుర్చీ, దాంట్లోనే ఆమె కూర్చుంది, ఎందుకంటే ఇక్కడి నుంచి అయితే ట్యాంకు మూల మూలా కనబడుతుంది. ఆయన చేపను ఆమె ఈ కుర్చీలోనే కూర్చుని పట్టుకోవాలని చూస్తుంటే ఏమనేవాడో, అనకపోయేవాడేమో, లేచి బయటికి వెళ్ళిపోయేవాడేమో.

ఎడమవైపు రాయి మీద ఆమె హామర్ పగడం. కొమ్మలు కొమ్మలుగా తెల్లటి గట్టి కాడలు, ప్రతి కాడ చివరా మెత్తటి వేళ్ళ గుత్తి, ఒక్కొక్క వేలి కొస చిన్న సుత్తి తలలా వంకర తిరిగి ఉంటుంది, అందుకే ఆ పేరు. నీలం దీపం కింద ఆ కొసలు లేత మామిడి చిగురులా మెరుస్తాయి, నీళ్ళు కదిలితే అన్నీ ఒకే వైపు ఒరుగుతాయి. మెరిసేవి, ఒరిగేవి. ఇప్పుడు సగం గుత్తులు ముడుచుకుని కాడల్లోకి దూరిపోయి ఉన్నాయి. రెండు కాడలైతే పూర్తిగా ఎముకలే, పైన మాంసం లేదు, వాటిమీద మట్టిరంగు పాకుడు పట్టింది. అంగారా పనే. రాయి మీద పాచి గీరుకుంటూ గీరుకుంటూ వచ్చి, టక్కున ఒక్క కొరుకు. మళ్ళీ ఏమీ ఎరగనట్టు పక్కకు తిరుగుతుంది. కొన్ని నెలలుగా చూస్తోంది రుఖయ్యా. మొదట అద్దం మీద వేలితో తట్టి తరిమింది. తర్వాత గరిట చూపించి బెదిరించింది. షబీనా భూపాలపల్లి నుంచి ఫోన్లో ఒకటే పోరు, స్కూల్లో పిల్లల్ని గదిమినట్టే తల్లినీ గదుముతుంది. "అమ్మీ, గిన్నేండ్లు పెంచుకున్నవి, నీ కండ్ల ముందు తింటుంటె ఎట్ల చూస్తున్నవ్? ఆ చేపను ఎవరికన్న ఇచ్చెయ్." ఒక్క క్షణం ఆగి, మెత్తబడి, "అబ్బాది అని ఉంచుతున్నవా?" అంది. వాట్సాప్ గుంపులో సముద్రపు చేపలు పెంచేవాళ్ళుంటారు, అందులో రాసింది రుఖయ్యా; మానుకోటలో మార్కెట్ యార్డు దగ్గర ఆఫీసులో పనిచేసే అనిత, తన ట్యాంకులో పగడాలు లేవు, రాళ్ళూ చేపలే, నేను తీసుకుపోతానంటూ ముందుకొచ్చింది.

రాదేం ఇది. రాళ్ళ వెనక నారింజ రంగు ఒకసారి మెరిసి ఆగింది. చూస్తోంది. చూడనీ.

ఆ దవాఖానలో కూడా ఇట్లాగే కూర్చుంది, వేలికి దారం లేదంతే. అఫ్జల్ రిటైరైన ఏడు, కంటికి శుక్లం తీయించడానికి హైదరాబాదు పోయారు. ఆయన్ని పచ్చ గౌను తొడిగి లోపలికి తీసుకుపోయాక ఆమె బయట బల్ల మీద తస్‌బీ తిప్పుకుంటూ కూర్చుంది, ఎదురుగా గోడ నిండా ఒక గాజు పెట్టె, మొదట ప్లాస్టిక్ పూలనుకుంది. ఆ పూలలో ఒకటి ముడుచుకుంది. తస్‌బీ పూస వేళ్ళ మధ్య ఆగిపోయింది. లేచి దగ్గరికి వెళ్ళింది, ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరికి. అక్కడ నేల తుడిచే ఆమె చెప్పింది, అవి పూలు కావమ్మా, రాళ్ళు కావు, పానం ఉన్నవట, తిండి తింటయట. రుఖయ్యా సముద్రం చూడలేదు. ఆమె చూసిన పెద్ద నీళ్ళంటే వానాకాలం బయ్యారం చెరువు, చిన్నప్పుడు మానుకోట నుంచి మేనత్త ఇంటికి పోయినప్పుడు. ఇనుపరాయి కరిగి ఎర్రబారిన నీళ్ళు, తెల్ల లంగా ముంచితే ఎర్రమరకతో తిరిగొచ్చేది, అమ్మ ఒళ్ళు చీరేది. ఈ నీళ్ళు వేరు. నీలంగా, లోపల ఎవరో రహస్యంగా కుట్టుపని చేసినట్టు ముడులు, అంచులు, మడతలు. ఆయన్ని బయటికి తెచ్చేసరికి కంటికి కట్టు. మర్నాడు కట్టు విప్పాక ఆమె చేయి పట్టుకుని ఆ పెట్టె ముందుకే తీసుకొచ్చి నిలబెట్టింది. ఆయన పగడాల వైపు కాదు, వాటి మధ్య తిరుగుతున్న ఒక ఎర్రటి చేప వైపు వేలు చూపించి, "అరె, ఏం రంగే అది" అన్నాడు. ఆమె పగడాలు చూస్తోంది, ఆయన చేపను చూస్తున్నాడు. అప్పుడే మొదలైంది.

రంగులంటే పిచ్చి ఆయనకు. భూపాలపల్లి క్వార్టర్లో ఉన్న రోజుల్లో మొదటి షిఫ్టు దిగి వచ్చేవాడు, స్నానం చేసినా కనురెప్పల అంచున బొగ్గు పోయేది కాదు, సుర్మా పెట్టుకున్నట్టు ఉండేది, పెళ్ళైన కొత్తలో ఆమె నిజంగానే సుర్మా అనుకుని మురిసిపోయింది. వచ్చి తిని పడుకోడు. ఆమె కుట్టు మిషను పక్కన ముక్కల కుప్ప ఉండేది, జాకెట్లు కత్తిరించగా మిగిలిన పీలికలు, గులాబీ, చిలకాకుపచ్చ, పసుపు, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు, ఒక్కో పీలికా తీసి మోకాలి మీద పరిచి చూసేవాడు. "ఏం చేస్తున్నవ్ జీ, ఆడపిల్లోలె" అని నవ్వేది. "లోపట ఏముంటది రుక్కూ, నలుపు, దాని మీద టోపీ లైటు పడ్డకాడ ఇంత గుండ్రం. పొద్దంత గా గుండ్రమే చూసిన. జర చూడనీ." ఆయన పని పంపుల దగ్గర. బాయిలో నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, వాటిని పైకి తోడుతూనే ఉండాలి, పంపు ఆగితే కింద ఉన్నవాళ్ళ సంగతి అంతే. ఇంట్లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి చెవి రిక్కించేవాడు, దూరంగా ఎక్కడో మోటారు చప్పుడు మారిందని. వాసన కూడా గుర్తుంది, ఆయన తువ్వాలుకు ఉండే గ్రీజు వాసన, దాని కింద తడి మట్టి. ఇప్పుడా తువ్వాలు ఎక్కడుందో.

జనగామలో ఈ ఇల్లు కట్టుకున్నాక ట్యాంకు పెట్టడం ఆయన చేతుల మీదే జరిగింది. పంపులంటే ఆయనకు వేళ్ళ కొసల్లో ఉన్న పని. ఉప్పు కలపడం ఆమె నేర్చుకుంది, ఎంత ఉప్పుకు ఎంత నీళ్ళో, ఎంత వెచ్చదనమో, నాలిక మీద కాదు, గాజు గొట్టంలో చూసి. చూడటానికి వచ్చిన చుట్టాలు, ఇంత ఉప్పు పోస్తున్నరు, ఊరగాయ పెడ్తున్నరా అని ఎకసెక్కాలాడారు. ఆయన తమ్ముడొకడు, ఇవి కూరకు పనికొస్తాయా అని అడిగి ఆమె చూపుకు నోరు మూసుకున్నాడు. మొదటి హామర్ ఒకే ఒక్క తల, సముద్రంలోంచి తీసింది కాదు, హైదరాబాదులో ఒకాయన తన ట్యాంకులో పెంచిన దాన్నుంచి కోసిచ్చిన ముక్క. ఆ ఒక్క తల రెండుగా చీలింది, చీలిన ప్రతిదీ మళ్ళీ చీలింది, ఏళ్ళ మీద పొద అయింది. అది చీలుతున్నప్పుడు మధ్యలో నోరు రెండు నోళ్ళవుతుంది, ఆమె షబీనాకు ఫోన్ చేసి మనవడు పుట్టినంత సంబరంగా చెప్పింది.

చేప మాట ఆయన ఎత్తినప్పుడు పెద్ద గొడవే అయింది. ఆమె అప్పటికి ఫోన్లో వీడియోలు చూసి చూసి అన్నీ తెలుసుకుని ఉంది. "గవి పగడాల్ని కొరుకుతయ్. పొట్టి ఏంజెల్ అంటెనే నమ్మకం లేదు, ఒకటి కొరకదు, ఒకటి నాశనం చేస్తది. ఏది ఎట్లాంటిదో తెచ్చినంక గాని తెల్వదు." "చేపకో తబియత్ ఉంటది రుక్కూ. మనుషులందరు ఒక్కతీర్గ ఉన్నరా? నేను మంచిదాన్ని చూసి తెస్త." "చూస్తె తెలుస్తదా మంచిదో చెడ్డదో?" "నిన్ను చూసి చేసుకోలే?" ఆమె నవ్వాపుకోలేకపోయింది, అక్కడే ఓడిపోయింది. హైదరాబాదు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు, సంచీలో నీళ్ళు, నీళ్ళలో నిప్పు, బస్సులో పిల్లలంతా చుట్టూ మూగారట. వదిలిన మొదటి వారం ఆమె కొత్త కోడలి వెనక అత్త తిరిగినట్టు దాని వెనకే కళ్ళు వేసుకుని తిరిగింది. రాళ్ళ మీద పాచి తిన్నది, పగడాల మధ్య నుంచి జారిపోయింది, ముట్టలేదు. నెల అయింది, ముట్టలేదు. ఏడాది. ఏళ్ళు. గుంపులో ఎవరైనా నా ఏంజెల్ పగడాలన్నీ తినేసింది అని ఏడుస్తూ రాస్తే ఆమె చదివి వినిపించేది, అఫ్జల్ కుర్చీలో వెనక్కి వాలి గర్వంగా, "చూసినవా? మనోడు షరీఫ్, పెద్దమనిషి" అనేవాడు. అంత గర్వం ఏ విషయంలోనూ చూడలేదు, కూతురు టీచరైనప్పుడు కూడా.

అంగారా రాళ్ళ సందుల్లోంచి బయటికొచ్చింది. బోను వైపు కాదు, హామర్ వైపు. ఆమె పళ్ళు బిగపట్టింది, లేచి తరిమితే మళ్ళీ దాక్కుంటుంది, కూర్చోవాలి, తిననీ అనుకుని చూస్తూ కూర్చోవాలి. టక్. ఒక గుత్తి ముడుచుకుంది. తన చేతి మీదే గిచ్చినట్టయింది. షరీఫ్, ఎక్కడి షరీఫ్ జీ, నువ్వు పోయినవో లేదో బుద్ధి బయటపెట్టింది.

ఆయన పోవడం కూడా చప్పుడు లేకుండా పోయాడు. చలికాలం, పత్తి లారీలు వీధి నిండా నిలిచిపోయి హారన్లు కొడుతున్న పొద్దు, చాయ్ సగం తాగి గ్లాసు కింద పెట్టి, గుండె మీద చేయి వేసుకుని, ఏదో మర్చిపోయినట్టు ట్యాంకు వైపు చూశాడు. అంబులెన్సు లారీల మధ్య నుంచి వచ్చేసరికి అయిపోయింది. తర్వాత ఇద్దత్. భర్త పోయాక గడప దాటకుండా ఉండే నెలలు. ఆ నెలలన్నీ ఈ గదిలోనే, ఈ అద్దం ముందే గడిచాయి. వచ్చేవాళ్ళు వచ్చి ఖురాన్ చదివి పోయేవాళ్ళు, మిగతా పొద్దంతా ఆమె, ఈ నీళ్ళు. ఏమీ తోచక, చేతులు ఊరుకోక, తినాలనిపించక, తన కంచంలో వేసుకున్నది అలాగే ఉంచి వీటికి తిండి వేస్తూ కూర్చునేది. చిటికెడు వేయడం, చూడటం. కాసేపాగి మళ్ళీ చిటికెడు. అంగారా అప్పుడు బాగానే ఉంది. అప్పుడు పగడాల జోలికి పోలేదు. ఇద్దత్ ముగిసింది. షబీనా బలవంతం చేసింది, ఇంట్లో ఒక్కదానివే ఉంటే పిచ్చెక్కుతది అమ్మీ అని, బస్టాండు వెనక కుట్టు సెంటర్లో నేర్పడానికి రుఖయ్యా చేరింది, పొద్దున పోతే సాయంత్రం వస్తుంది. పోయేముందు ఒకసారి తిండి, వచ్చాక ఒకసారి. అదిగో, ఆ తర్వాతే, ఆ తర్వాతే కదా కొరకడం మొదలైంది, ఎండలు ముదిరాక...

ఆలోచన అక్కడ తెగిపోయింది, ఎందుకంటే చేప బోను ముందుకొచ్చింది.

గాలి కూడా పీల్చలేదు రుఖయ్యా. చేప నాచు ముక్కను పెట్టె గోడ బయటి నుంచి చూసింది, పక్కకు తిరిగింది, తలుపు కింద ఆగింది, తల లోపల పెట్టింది, వెనక్కి తీసింది, మళ్ళీ పెట్టింది. లోపలికి పోయింది. నాచు మీద పడింది. అది తినడం కాదు, పీకడం, ఒళ్ళంతా విదిలించి విదిలించి పీకుతోంది, ముక్కలు ముక్కలుగా తెంపుతూ, నమలకుండానే ఇంకోటి. అంత దగ్గరగా, పక్కవాటుగా దాన్ని చూడటం ఎన్నాళ్ళకో. నారింజ రంగు అదే. చారలు అవే. కానీ పొట్ట? పొట్ట ఉండాల్సిన చోట లోపలికి గుంట పడింది. ఎండిపోయిన బుగ్గలా. వేలు వదలాలి. వదిలితే అయిపోతుంది. వదలలేదు. ఆ గుంటనే చూస్తోంది.

దీనికి ఆకలి.

ఎప్పుడో విన్న మాటలు, చూసినవి, వరస లేకుండా వచ్చి పడుతున్నాయి. చెహ్లుం నాడు, ఆయన పోయిన నలభయ్యో రోజున, జాల్యా వచ్చాడు, బాయిలో ఆయనతో పాటు పంపుల దగ్గర పనిచేసినవాడు, భూపాలపల్లి నుంచి మొదటి బస్సుకు వచ్చి వాకిట్లో కూర్చుని తువ్వాలుతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. "ఏం మనిషి వదినా, నేను ఫోన్ చేస్తే సగం మాటల్నే, జరాగు జాల్యా, దానికి పెట్టొస్త అనేటోడు. మల్ల గంటకు చేస్తే మల్ల గదే. నీకు మనవండ్లున్నరా, చేపలున్నయా అని నవ్వేటోణ్ణి." ఆ రోజు ఆ మాట ఆమె చెవిన పడింది గాని లోపలికి పోలేదు, ఇల్లంతా జనం, వంటలు. ఇంకొకటి: ఆయన లాల్చీ కుడి చేతి అంచు. ఎప్పుడు చూసినా తడి, ఆరితే తెల్లగా ఉప్పు చార. ఎన్నిసార్లు తిట్టింది, చిన్నపిల్లగాని తీర్గ నీళ్ళల్ల ఆడుకునుడేంది, ఈ ఉప్పు మరక ఉతికితే పోదు అని. ఆయన సరే సరే అనేవాడు, చేతులు మడుచుకునేవాడు, మళ్ళీ అదే చార. చొక్కా జేబులో పచ్చటి తుంపులు, ఉతికేముందు దులిపేది, ఏ ఆకో అనుకునేది, అత్తరు దుకాణంలో ఇచ్చే పొట్లాల్లోది అనుకునేది. టీవీలో వార్తల మధ్య ప్రకటనలు రాగానే లేచిపోయేవాడు, ఆమె మోకాళ్ళు పట్టేస్తున్నాయేమో, అటూ ఇటూ నడుస్తున్నాడనుకుంది. వరంగల్‌లో ఆమె చెల్లెలి కూతురి పెళ్ళి, వలీమా విందు దాకా ఉందామంటే వినలేదు, నికాహ్ కాగానే బస్టాండుకు లాక్కొచ్చాడు. బస్సులో ఆమె ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మాట్లాడలేదు. కోపం. ఆ కోపం చాలా రోజులు ఉంది. ఆయన చెప్పలేదు. ఒక్కసారి, ఒక్కసారైనా చెప్పలేదు.

అది షరీఫ్ చేప కాదు. ఏ చేపా కాదేమో. దాని నోరు ఎప్పుడూ ఖాళీగా ఉండకుండా చూశాడాయన, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా కాసేపటికోసారి, వేళ్ళ మధ్య నాచు పట్టుకుని, ఆమె వంటింట్లో ఉన్నప్పుడు, నమాజులో ఉన్నప్పుడు, మిషను మీద వంగి ఉన్నప్పుడు. బాయిలో నీళ్ళు ఊరకుండా ఆపలేరు, తోడుతూ ఉండాలంతే అనేవాడు. ఇక్కడా అదే చేశాడు, ఎవరికీ తెలియకుండా తోడుతూ కూర్చున్నాడు. ఆమె పగడాల కోసం. తన చేపను తన దగ్గరే ఉంచుకోవడం కోసం. రెండూనేమో, విడదీసి చెప్పేవాడా, అడిగితే నవ్వేవాడు.

"ఆంటీ! రుఖయ్యా ఆంటీ!"

గేటు గడియ ఖణేల్మంది. రుఖయ్యా వేలు దానంతటదే సడలింది. దారం జర్రున జారింది, తలుపు పడింది. అంగారా పెట్టె లోపల గిరగిరా తిరిగింది, నాలుగు గోడలకూ కొట్టుకుంది.

అనిత చెప్పులు విడిచి లోపలికొచ్చేసరికి చెమటతో ముఖం మెరుస్తోంది, చంకలో థర్మాకోల్ పెట్టె. ట్యాంకు వైపు చూసి గట్టిగా చప్పట్లు కొట్టింది. "దొరికిందా! నేనొచ్చేసరికి దొరుకుతదో లేదో అని రైల్ల ఒకటే పరేషాన్ ఆంటీ. అబ్బ, ఏమున్నది! ఫోటోల కంటె బాగున్నది." రుఖయ్యా లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. కూర్చోమంది. తిని వచ్చావా అని అడిగింది. అన్నీ అడిగాక, అడగడానికి ఇంకేమీ మిగలనప్పుడు, "బిడ్డా, నీకు ఊకెనే తిప్పలు పెట్టిన" అంది.

అనిత గ్లాసు దించింది. "ఏమైందాంటీ?"

"గది చెడ్డది కాదు. ఆకలైతున్నది దానికి."

"పొట్ట లోపటికి పోయింది, నేనూ చూస్తున్న. నేను మంచిగ పెడ్త ఆంటీ, ఫికర్ చెయ్యకుండ్రి. నాచు క్లిప్పుకు పెట్టి ఆఫీసుకు పోత."

"పెట్టి చూసిన. ఇది క్లిప్పుకు పెడితె రెండు కొరుకులు కొరికి ఇడిచిపెడ్తది. ఆకలి పట్టలేకనే ఇయ్యాల బోన్లకు వచ్చింది. దానికి చేతితోని అలవాటు. షబీనా అబ్బా చేతితోని." ఆ మాట అన్నాక ఆమె దుపట్టా కొంగు కోసమన్నట్టు అటు తిరిగింది, మళ్ళీ ఇటు తిరిగింది. "ఆయన పెట్టుకుంట పెట్టుకుంట ఆపిండు దాన్ని. నాకు ఇప్పుడు తెలిసింది. ఈడ కూసున్నంక తెలిసింది."

అనితకు పూర్తిగా అర్థమైందో లేదో, పగడం వైపు చూపించి, "మరి మీ హామర్? మీరు సెంటర్‌కు పోతరు గదా. మల్ల కొరుకుతది" అంది.

"సెంటర్ మేడంకు చెప్త. నేర్చుకునే పిల్లల్ని ఈడికే పంపుమంట. ముందు గది ఖాళీగనే ఉన్నది, నా మిషన్ ఉన్నది, ఇంకొకటి రెండు తెచ్చుకుంటె అయితది. ఒప్పుకుంటె ఒప్పుకుంటది, లేకుంటె మానేస్త." ఎప్పుడు అనుకుంది ఇదంతా, అనుకోలేదు, నోటి నుంచి వచ్చాకే విన్నది. ఈ ఇంట్లో పొద్దంతా ఉండలేకే కదా బయటికి పోయింది. ఉండగలదా. పిల్లలు వస్తారు, కత్తెర్ల చప్పుడు, ముక్కల కుప్పలు. ఉండొచ్చు. "అయినా కొరుకుతదేమో. మరిగింది గదా. అలవాటు పోతదో పోదో ఎవరు చెప్తరు."

లాల్చీ కాదు, ఆమె కమీజు చేయి మోచేతి పైకి మడుచుకుంది. నీళ్ళలో చేయి పెట్టింది, వెచ్చగా ఉన్నాయి, బోను తలుపు పైకెత్తి పట్టుకుంది. అంగారా ఒక మూల నక్కి ఉంది, బయటికి రావడానికి దారి తెలియక. కాసేపటికి తెలిసింది. నిప్పురవ్వలా రాళ్ళ వెనక్కి దూరిపోయింది.

అనిత తన థర్మాకోల్ పెట్టె వైపు చూసుకుంది. పొద్దున్నే లేచి, సెలవు పెట్టుకుని, రైలెక్కి వచ్చిన పిల్ల ఖాళీ పెట్టె మూత సరిచేస్తోంది, ముఖంలో చిన్నబుచ్చుకున్నది కనబడకుండా చేస్తోంది. రుఖయ్యా చేయి ఇంకా నీళ్ళలోనే ఉంది. ఆ చేయి హామర్ పొద దగ్గరికి పోయింది. ఒక్కొక్క కాడనూ వేలితో తాకుతూ పోయింది. అన్నిటికంటే వెనక, రాయి నీడలో, చేప నోరు అందని చోట ఒక తల ఉంది, ఒక్క కొస కూడా పోనిది, లేత మామిడి చిగురు రంగు నిండుగా విప్పుకుని ఉన్నది. దాన్నే పట్టుకుంది.

"కట్టింగ్ ప్లేయరు ఆ డ్రాయర్ల ఉన్నది బిడ్డా, జర అందియ్యి."

"వద్దాంటీ. అదొక్కటే మంచిగున్నది."

"అందుకనే."

కాడ గట్టిది, రెండు మూడుసార్లు నొక్కితే గాని తెగలేదు. తెగినప్పుడు సున్నపు రాయి విరిగిన చప్పుడు నీళ్ళ లోపలి నుంచి ఎముకల గుండా వచ్చింది. తల ముడుచుకుపోయింది, భయపడి, అరచేతిలో ఇంత అయిపోయింది. ట్యాంకు నీళ్ళు నింపిన సంచీలో వదిలి, గాలి పట్టించి, మూతి కట్టి, అనిత తెచ్చిన పెట్టెలో నిలబెట్టింది. చేప కోసం తెచ్చిన పెట్టె, పగడానికి కొంచెం పెద్దదే, చుట్టూ తువ్వాలు కుక్కింది. "ఈడున్నవి బతుకుతయో, ఇది తింటదో నాకు తెల్వదు. ఒక్కటన్న నీ దగ్గర ఉండాలె. నీ దాంట్ల కొరికేటివి లేవు గదా. వెలుతురు మరీ ఎక్కువ పెట్టకు మొదట్ల. అది విచ్చుకునేదాక ఫోటో పంపకు, విచ్చుకున్నంక పంపు." అనిత పెట్టెను రెండు చేతులతో ఎత్తుకుంది, వంగి పాదాలు ముట్టుకోబోయింది, రుఖయ్యా పట్టుకుని ఆపి తల మీద చేయి వేసింది. సాయంత్రం రైలు ఉంది. ఆటో వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడింది. మొదట తెచ్చిన ఆ ఒక్క ముక్క నుంచి పెరిగిన తల మానుకోట పోతోంది, రుఖయ్యా పుట్టిన ఊరికి, ఆమె మళ్ళీ పోకముందే.

లోపలికొచ్చి కొత్త నాచు పొట్లం విప్పింది. ఒక ముక్క చింపి వేళ్ళ మధ్య పట్టుకుని నీళ్ళలో పెట్టింది. అంగారా రాలేదు. ఎందుకు వస్తుంది, ఇందాకే కదా మోసపోయింది. ముక్క తడిసి మెత్తబడి ఊగుతోంది, చేయి నొప్పి పుడుతోంది, మరో చేత్తో మోచేతిని పట్టుకుని నిలబడింది. వీధిలో పిల్లలు బడి నుంచి వస్తున్నారు. పక్కింటి కుక్కరు కూసింది. రాళ్ళ వెనక నుంచి ముక్కు బయటికొచ్చింది, ఆగింది, లోపలికి పోయింది, మళ్ళీ వచ్చింది. ఈ చేయి ఆ చేయి కాదని దానికి తెలుసు, ఎంతసేపు తేల్చుకుంటుందో తేల్చుకోనీ. చివరికి వచ్చింది, పక్కవాటుగా, ఒక కన్ను ఆమె మీదే పెట్టి, ఒక్క అంచు తెంపుకుని పారిపోయింది. తిరిగొచ్చింది. ఈసారి పారిపోలేదు, పీకుతూ పీకుతూ ఆమె వేలి కొసను కూడా కొరికింది, చక్కిలిగిలి పెట్టినట్టయి రుఖయ్యా నవ్వింది, నవ్వు ఆగలేదు, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా ఆగలేదు.

"షరీఫ్ చేపనట, షరీఫ్ చేప! ఎంత అబద్ధాలకోరువు జీ నువ్వు" అంది కుర్చీ వైపు తిరగకుండానే.

ముక్క అయిపోయింది. ఇంకొకటి చింపింది.